ఇల్లు లేకపోవడమే పెద్ద జబ్బు!

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లని కదిపితే చాలు. విశాలమైన రోడ్ల గురించి, పచ్చటి పార్కుల గురించి మురిసిపోతూ చెబుతారు. చివర్లో ఓ మాట అంటారు... ‘అంత డబ్బున్న దేశంలో ఫుట్‌పాత్‌ల మీద ఆ గుడారాలేంటో!’ అని. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్‌ ఏంజెలెస్‌, సియాటిల్‌ లాంటి నగరాలకు వెళ్లి ఉంటే మీరూ చూసే ఉంటారు. పిల్లల్ని అడిగితే ‘వాళ్లంతా డ్రగ్స్‌ వాడేవాళ్లు, అటు వెళ్లకండి’ అని ఒక్కముక్కలో తేల్చేసి ఉంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు కారణం అది కాదు.

2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఒక రాత్రి లెక్క తీస్తే సొంతమో అద్దెదో ఒక ఇల్లంటూ లేనివాళ్లు 7,71,480 మంది తేలారు. ఇలా లెక్కలు తీయడం మొదలుపెట్టాక ఇంతమంది ఎప్పుడూ లేరు. వీళ్లంతా రోడ్డుమీద పడుకుంటున్నారని కాదు, సగానికి పైగా షెల్టర్లలో తలదాచుకుంటున్నారు. వీరిలో దాదాపు లక్షన్నర మంది పిల్లలు. ప్రతి ఐదుగురిలో ఒకరు 55 ఏళ్లు దాటినవారు.

మత్తే కారణమైతే...

మత్తుమందుల వల్లే ఇళ్లు పోతున్నాయనుకుందాం. అప్పుడు ఈ సమస్య అందరికంటే ఎక్కువగా వెస్ట్‌ వర్జీనియాలో ఉండాలి. మత్తుమందుల మోతాదు మించి చనిపోయేవారి రేటు ఏళ్ల తరబడి అక్కడే ఎక్కువ. కానీ నీడలేనివారి రేటు అక్కడ తక్కువ, కాలిఫోర్నియాలో ఎక్కువ. తేడా ఎక్కడుంది? అద్దెల్లో. వెస్ట్‌ వర్జీనియాలో పేదవాడికి కూడా ఓ గది దొరుకుతుంది. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్నవాళ్లకే దొరకదు. నగరంలో మధ్యస్థ అద్దె వంద డాలర్లు పెరిగితే నీడలేనివారి రేటు సుమారు 9 శాతం ఎక్కువగా ఉంటోందని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో తేల్చింది.

సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో సీట్లు తక్కువైతే కిందే ఉండిపోయేది ఎవరు? మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లు. అలాగని బస్సు అందకపోవడానికి మోకాళ్లే కారణమంటామా? సీట్లు చాల్లేదంటాం. ఇక్కడా అంతే. వ్యసనం, మానసిక రుగ్మత, పేదరికం ఉన్నవాళ్లే ముందుగా ఇల్లు పోగొట్టుకుంటారు. ఇళ్లు చాలినన్ని లేకపోవడం మాత్రం వాళ్ల తప్పు కాదు.

రోగంతో మొదలై రోడ్డు దాకా

ఇది ఆరోగ్య సమస్య ఎలా అయిందంటారా? ఓ హోటల్లో పనిచేసే మనిషికి నడుం పట్టేసిందనుకోండి. జబ్బు చేస్తే జీతంతో సెలవు ఇచ్చి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టం అక్కడ లేదు. నాలుగు రోజులు పోకపోతే జీతం తగ్గుతుంది. నెల్లాళ్లు పోకపోతే ఉద్యోగమే పోవచ్చు. చాలామందికి ఆరోగ్య బీమా ఆ ఉద్యోగంతో వచ్చిందే కాబట్టి దానితోపాటే పోతుంది. ఆసుపత్రి బిల్లు అప్పుగా మారుతుంది, అద్దె బాకీ పడుతుంది. అద్దెకు ప్రభుత్వ సాయం ఉంది కదా అంటే, అర్హులైన ప్రతి నాలుగు కుటుంబాల్లో సుమారు ఒకదానికే అది అందుతోంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో విభాగం 2023లో వెలువరించిన పెద్ద అధ్యయనం చూడండి. ఇల్లు పోవడానికి ముందు ఆర్నెల్లలో ఈ కుటుంబాల మధ్యస్థ నెలసరి ఆదాయం 960 డాలర్లు. అద్దె ఒప్పందంలో పేరున్నవాళ్లకు ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందని సుమారు పది రోజుల ముందు తెలిసింది. బంధువుల దగ్గరో స్నేహితుల దగ్గరో సర్దుకున్నవాళ్లకు ఒక్కరోజు ముందు! ఒంటరిగా ఉన్న పెద్దల్లో దాదాపు సగం మంది యాభై దాటినవారు. వారిలోనూ పదిమందిలో నలుగురికి యాభై దాటాకే తొలిసారి నీడ పోయింది.

దీని వెనక పాత కథ కూడా ఉంది. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో సుమారు అయిదున్నర లక్షల మంది ఉండేవారు. ఆ తర్వాత వాటిని ఒక్కొక్కటిగా తగ్గించేశారు. బదులుగా ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు పెడతామని 1963లో చట్టం చేసినా, అవి చాలినన్ని రాలేదు. తక్కువ అద్దెకు ఒక్కో గది ఇచ్చే పాతకాలపు లాడ్జీలనూ నగరాల్లో కూల్చేశారు. వెళ్లడానికి ఆసుపత్రీ లేదు, గదీ లేదు.

ఒంటికి ఏమవుతుంది?

* మధుమేహం: ఇన్సులిన్‌ నిల్వకు ఫ్రిజ్‌ కావాలి. సిరంజిలు, మాత్రలు సంచితోపాటే పోతుంటాయి. షెల్టర్లో ఏది పెడితే అది తినాలి. పథ్యం మాటే ఉండదు.

* పాదాలు: తడిసిన బూట్లు, సాక్సులు విప్పే వీలుండదు. రాత్రంతా కూర్చునే కునుకు తీయడంతో కాళ్లు వాస్తాయి. పుండ్లు పడితే మానవు. చలికాలంలో వేళ్లు తీసేయాల్సి రావచ్చు.

* నిద్ర: ఎవరు కొడతారో, ఏం ఎత్తుకుపోతారో అన్న భయంతో కంటినిండా నిద్ర ఉండదు. దాంతో బీపీ, కుంగుబాటు పెరుగుతాయి. రాత్రి మెలకువగా ఉండటానికే కొందరు ఉత్ప్రేరక మత్తుమందులు మొదలుపెడతారు. అంటే ఇల్లు పోయాక వ్యసనం వచ్చినవాళ్లూ ఉన్నారన్నమాట.

* అంటువ్యాధులు: 2016-18 మధ్య శాన్‌డియాగో ప్రాంతంలో హెపటైటిస్‌-ఎ 592 మందికి సోకింది, 20 మంది చనిపోయారు. మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే వసతి లేకపోవడమే అది అంతగా పాకడానికి ముఖ్య కారణం. వీధుల్లో కుళాయిలు పెట్టి, టీకాలు వేశాకే అదుపులోకి వచ్చింది.

* ముందే ముసలితనం: తూలి పడిపోవడం, మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి డెబ్బై దాటాక వస్తాయనుకుంటాం. వీళ్లకి యాభైల్లోనే వస్తాయి. నీడలేని నలభై ఏళ్ల మనిషికి మరణ ముప్పు, ఇల్లున్న అరవై ఏళ్ల మనిషికి ఉన్నంత ఉంటోంది.

మందుచీటీ కంటే ముందు తాళంచెవి

బోస్టన్‌లో 1985లో జిమ్‌ ఓకానెల్‌ అనే యువ డాక్టర్‌ ఒక్క ఏడాది అనుకుని ఈ రోగుల దగ్గరికి వచ్చారు. అక్కడి నర్సు బార్బరా మెకిన్నిస్‌ ఆయన స్టెతస్కోపు పక్కన పెట్టించి, రోగుల కాళ్లు నీళ్లలో నానబెట్టి కడగమన్నారు. ముందు నమ్మకం కుదరాలి, వైద్యం ఆ తర్వాత అన్నది ఆవిడ పాఠం. ఆ డాక్టర్‌ దశాబ్దాలపాటు ఆ పనిలోనే ఉండిపోయారు. ఆసుపత్రి నుంచి పంపేశాక కోలుకోవడానికి మంచం లేనివారికోసం వాళ్ల సంస్థ నడిపే కేంద్రానికి ఆ నర్సు పేరే పెట్టారు.

1992లో న్యూయార్క్‌లో శామ్‌ సెంబెరిస్‌ అనే మానసిక నిపుణుడు మరో అడుగు ముందుకేశారు. ‘మత్తు మానితేనే ఇల్లు’ అన్న పాత షరతును తిరగేసి ముందు ఇల్లు ఇచ్చి, ఆ తర్వాత చికిత్సకు ఒప్పించారు. ఎక్కువమంది ఆ ఇళ్లలో నిలబడ్డారు. ఇదే పద్ధతిలో హ్యూస్టన్‌ నగరం 2011 నుంచి నీడలేనివారి సంఖ్యను సగానికి పైగా తగ్గించింది. ఇల్లిచ్చినంత మాత్రాన వ్యసనం పోదు, షుగరూ తగ్గదు. కానీ మాత్ర వేళకి వేసుకోవాలన్నా, డాక్టర్‌ పిలిస్తే అందుబాటులో ఉండాలన్నా ముందు తలుపుకి గడియ ఉండాలి.

అమెరికా వెళ్తున్నారా?

* మనిషి లేపినా లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి, పెదాలు నీలంగా మారితే మత్తుమందు మోతాదు మించి ఉండొచ్చు. వెంటనే 911కి ఫోన్‌ చేయండి. దీనికి విరుగుడైన నాలోక్సోన్‌ ముక్కు స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతోంది.

* ఆత్మహత్య ఆలోచనలు, తీవ్రమైన మానసిక ఆందోళన ఉంటే 988. షెల్టర్‌, భోజనం లాంటి సాయానికి చాలాచోట్ల 211.

* ఇవ్వాలనిపిస్తే కొత్త సాక్సులు కొని దగ్గర్లోని షెల్టర్‌కి ఇవ్వండి. పాదాల్ని కాపాడతాయి.

* అక్కడ చదువుతున్న, ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు మీకుంటే మూడు సంగతులు కనుక్కోండి. అద్దె ఒప్పందంలో వాళ్ల పేరుందా? ఆరోగ్య బీమా ఏ తేదీ దాకా ఉంది? రెండు మూడు నెలల అద్దెకి సరిపడా డబ్బు చేతిలో ఉందా? ఇబ్బందిగా ఉందని ఇంట్లో చెప్పడానికి చాలామంది పిల్లలు మొహమాటపడతారు. వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.