చర్చల బల్లకు వెలుపలి ప్రజలు: పోలండ్, హైదరాబాద్

1945 ఫిబ్రవరిలో యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ పోలండ్ భవిష్యత్తును చర్చించినప్పుడు అక్కడ పోలండ్ ప్రతినిధి ఒక్కరూ లేరు. లండన్‌లోని ప్రవాస ప్రభుత్వానికి పిలుపు అందలేదు. తూర్పు ప్రాంతం సోవియట్ యూనియన్ పరమైంది. పరిహారంగా పశ్చిమాన జర్మన్ భూభాగాన్ని చూపారు. స్వేచ్ఛాయుత ఎన్నికలు జరుపుతామన్న హామీని 1947 జనవరి నాటి ఎన్నికలు వమ్ము చేశాయి.

హైదరాబాద్ సంస్థానాన్ని దీనితో పోల్చాలనిపించడం సహజమే. అయితే ఒక జాగ్రత్త అవసరం. పోలండ్ విషయంలో రాజ్యానికే చోటు దక్కలేదు. హైదరాబాద్ విషయంలో రాజ్యానికి చోటుంది, ప్రజలకు లేదు. ఈ భేదాన్ని విస్మరిస్తే నిజామును పోలండ్ స్థానంలో నిలబెట్టే పొరపాటు జరుగుతుంది.

బ్రిటిష్ పారమౌంట్సీ ఎవరికీ బదిలీ కాక రద్దవుతుందని 1946 మే 12 నాటి కేబినెట్ మిషన్ పత్రం ప్రకటించింది. నిజాము స్వాతంత్ర్య వాదానికి ఇదే ఆధారం. 1947 నవంబర్ 29న ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. చర్చలలో మౌంట్‌బాటన్, వి.పి. మేనన్, నిజాము పక్షాన వాల్టర్ మాంక్టన్ అనే ఆంగ్ల న్యాయవాది ప్రధానపాత్ర వహించారు. ఇంగ్లండు నుంచి రప్పించిన న్యాయవాదికి ఉన్న చోటు ఆంధ్ర మహాసభకు లేదు! స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ ఆ కాలంలో ఎక్కువ భాగం జైలులోనే గడిపారు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన కె.ఎం. మున్షీ సికింద్రాబాద్ పక్కనే, బొల్లారంలో బస చేశారు.

1948 జూన్ ముసాయిదాలో ప్రజాభిప్రాయ సేకరణ ప్రస్తావన వచ్చింది. యాల్టా ఎన్నికల హామీలాగే అదీ కాగితం దాటలేదు. నిజాము ఆ ముసాయిదాను అంగీకరించలేదు. ఆగస్టు 21న ఆయన ప్రభుత్వం భద్రతామండలిని ఆశ్రయించింది. పారిస్‌లో సెప్టెంబర్ 16న మండలి ఫిర్యాదును చేపట్టేసరికి సైనికచర్య మొదలై నాలుగవ రోజు. మరునాడే నిజాము లొంగుబాటు ప్రకటించాడు.

1941 జనగణన ప్రకారం సంస్థాన జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. సార్వత్రిక వయోజన ఓటుహక్కుతో వారిలోని వయోజనులు తొలిసారి తీర్పు చెప్పింది 1951–52 సాధారణ ఎన్నికలలో. ఆంధ్ర మహాసభకు 1944 భువనగిరి సమావేశంలో అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డి ఆ ఎన్నికలలో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.