మళ్ళీ పగడాల చెంతకు

ఈతకు మించిన లోతూ, గోచికి మించిన దారిద్ర్యమూ లేవని మన పెద్దల సామెత. గోచి మాట యెలా వున్నా, లోతు విషయంలో మాత్రం స్కూబా నేర్చినవాడు ఆ సామెతను నమ్ముకోరాదు. వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలో దిగేవాడికి ప్రతి పది మీటర్లకూ ఒక లెక్క వున్నది.

2009లో అండమానులోని హేవ్‌లాక్ ద్వీపంలో యీ విద్య నేర్చుకున్నాను. తరువాత సంసారం, పిల్లల చదువులు, దిద్దవలసిన పరీక్ష పేపర్లు, పధ్నాలుగేళ్ళు గడిచిపోయాయి. 2023 జనవరిలో మళ్ళీ వెళ్ళేసరికి ద్వీపం పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారి వున్నది. నాకూ నలభై అయిదు దాటాయి. నా చేతిలోని యోగ్యతాపత్రానికి గడువంటూ లేదు, శరీరానికి వున్నది. అందుకే ఆ వయస్సు దాటినవారిని గుండె, రక్తపోటు, పొగ తాగే అలవాటు గురించి విడిగా అడుగుతారు. అనుమానముంటే డాక్టరు సంతకం కావాలంటారు.

ఆ తరువాత ఛాతీలోతు నీటిలో ఓనమాలు మళ్ళీ దిద్దించారు. మాస్కులో చేరిన నీటిని ముక్కుతో వూది బయటికి తోలటం, నోటినుంచి జారిన గాలిగొట్టాన్ని వెతికి పట్టుకోవటం, చెవులు నొప్పి పుట్టకుండా ముక్కు నొక్కి వూదటం. గురువుగారు నా విద్యార్థుల యీడువాడు!

పడవమీద సిలిండర్లు అందించే యువకుడి తాతలది శ్రీకాకుళం ప్రాంతం. నేను తెలుగువాణ్ణని తెలియగానే, "బాబూ, యేది మరిచినా ఊపిరి మాత్రం బిగబట్టకండి" అన్నాడు. అసలు కిటుకంతా ఆ మాటలోనే వున్నది. సిలిండరులో వుండేది చాలామంది అనుకునేట్టు శుద్ధమైన ప్రాణవాయువు కాదు. మనం పీల్చే గాలినే అదిమి నింపుతారు. పది మీటర్ల లోతున పీడనం పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలుగా వుబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుకే నిదానంగా పైకి రావాలి. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

ఇదంతా మన ప్రాణం కోసం. మరొకరి ప్రాణం కూడా యిందులో వున్నదని పగడపు దిబ్బ దగ్గరికి చేరాక తెలిసింది.

నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడ జింకకొమ్ముల వంటి పగడాలు పొదలు పొదలుగా వుండేవి. 2010 వేసవిలో అండమాను సముద్రం వేడెక్కింది; 2016లో మళ్ళీ వేడెక్కింది. పగడమంటే రాయి కాదు, చిన్న చిన్న జీవుల కాపురం. వాటి వంట్లో వుండే సూక్ష్మమైన నాచు వాటికి తిండీ, రంగూ యిస్తుంది. నీటి వేడి మామూలు వేసవికంటె ఒక్క డిగ్రీ మించి వారాల తరబడి నిలిస్తే చాలు, ఆ నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబోతుంది. నీరు త్వరగా చల్లబడితే తేరుకుంటుంది, లేకుంటే ఆకలితో చస్తుంది. 2024 ఏప్రిల్‌లో, ప్రపంచమంతటా పగడాలు నాలుగోసారి యిలా తెల్లబడుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పొదలచోట విరిగిన ముక్కల కుప్పలే యెక్కువ. కాని ఆ కుప్పలమీదనే అరచేయంత కొత్త పగడాలు మొలిచి వున్నాయి. పక్కన మోకాలెత్తు పగడపు బండ ఒకటి. యేడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరిగే జాతి అది. లెక్క వేస్తే, ఆ బండ వయస్సు దాదాపు నా వయస్సే!

కాలికి తొడిగిన రెక్క ఒక్కసారి తగిలితే ఆ లేతమొలక విరిగిపోతుంది. తగలకుండా వుండాలంటే నీటిలో తేలకా, మునగకా నిలవాలి. అది ఊపిరితో చేసే పని: పీలిస్తే కొంచెం లేస్తాము, వదిలితే కొంచెం దిగుతాము. ఆ నిలకడ కుదిరేదాకా నన్ను ఇసుకనేలమీదనే తిప్పారు. మంచిపనే చేశారు.

చాలా యేళ్ళ తరువాత మళ్ళీ దిగాలనుకునే పాఠకులెవరైనా వుంటే, మొదటి మునకను ఇసుక దగ్గరే కానివ్వండి. ఆఖరి మునకకూ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వ్యవధి వుంచుకోండి. పిల్లలు యెంత అడిగినా పగడపు ముక్క మాత్రం యింటికి తేవద్దు. అక్కడ దానికి యింకా పని వున్నది. కొత్త మొలక దానిమీదనే నిలవాలి.