మగవారి హార్మోను ఇంజెక్షను ఎవరికి అవసరం?



కొంతకాలం క్రితం ముప్పై దాటిన ఒక సోదరుడు మూడు వారాలకొకసారి మా ఇంజెక్షను గదికి వచ్చేవాడు. బయట వ్రాయించుకున్న చీటీ, కొనుక్కున్న మందు చేతిలో ఉండేవి. మేము చీటీ చూసి ఇంజెక్షను చేసి పంపేవాళ్ళము. అదే రోజులలో అతని భార్య పిల్లలు కలగడం లేదని మా స్త్రీల ఓ.పి.లో పరీక్షల మీద పరీక్షలు చేయించుకుంటోంది. ఇంట్లో మాటలు పడుతోంది. ఆ రెండు చీటీలు ఒకే ఇంటివని మాకు ఆలస్యంగా తెలిసింది. అతని వీర్యపరీక్షలో ఒక్క కణం కూడా కనబడలేదు. 'బలానికి' అని ఎవరో చెప్పగా అతను వాడుతున్న మందు టెస్టోస్టెరాన్. ఎందుకు వాడుతున్నావని మేమూ అడగలేదు. అందుకే ఈ వ్యాసం.

టెస్టోస్టెరాన్ మగవారి వృషణాలలో తయారయ్యే హార్మోను. దానిని తయారుచేయమని మెదడు క్రింద ఉన్న పిట్యూటరీ గ్రంథి కబురు పంపుతుంది. బయటనుండి హార్మోను ఎక్కిస్తే, ఇక చాలుననుకొని ఆ గ్రంథి కబురు ఆపేస్తుంది. దానితో వీర్యకణాల తయారీ కూడా పడిపోతుంది. కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు ఈ మందు వాడకూడదు.

నిజంగా అవసరమైనవారు ఉన్నారు. పుట్టుకతో లోపం ఉన్నవారు, గవదబిళ్ళల వలన గాని, దెబ్బ వలన గాని, క్యాన్సరు చికిత్స వలన గాని వృషణాలు దెబ్బతిన్నవారు, పిట్యూటరీలో గడ్డ ఉన్నవారు. వీరికి ఈ చికిత్స ఎంతో మేలు చేస్తుంది. కోరిక తగ్గడం, అంగస్తంభన లోపించడం, గడ్డం పలచబడడం, ఎముకలు బలహీనపడడం దీని లక్షణాలు.

అయితే నీరసం ఒక్కటే ఉంటే తొందరపడవద్దు. రక్తహీనత, థైరాయిడ్, అదుపులేని షుగరు, దిగులు, నిద్రలేమి, మద్యం, వీటన్నిటిలోనూ నీరసం ఉంటుంది. లావుగా ఉన్నవారిలోను, షుగరు ఉన్నవారిలోను హార్మోను కొంత తగ్గడం మామూలే. బరువు తగ్గితే చాలామందిలో అది కొంత పెరుగుతుంది కూడా.

పరీక్ష ఎలా చేయించుకోవాలి?

ఉదయం 10 గంటలలోపు, పరగడుపున రక్తం ఇవ్వాలి. జ్వరంతో ఉన్నప్పుడు వద్దు. ఒక్కసారి తక్కువ వస్తే సరిపోదు, మరొక రోజు మళ్ళీ చేయించాలి. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం 2018లో 300 నానోగ్రాములకంటే (డెసిలీటరుకు) తక్కువ ఉంటే తక్కువగా లెక్కించమన్నది. అంకె తగ్గడంతోపాటు లక్షణాలు కూడా ఉండాలి. ఆ తరువాత లోపం వృషణాలలోనా, పిట్యూటరీలోనా అని డాక్టరుగారు వేరే పరీక్షలు వ్రాస్తారు.

ఎవరికి వద్దు?

ప్రోస్టేటు క్యాన్సరు లేక రొమ్ము క్యాన్సరు ఉన్నవారికి, రక్తం చిక్కగా ఉన్నవారికి, గురకతో నిద్రలో ఊపిరి ఆగుతూ చికిత్స పొందనివారికి, గత ఆరు నెలలలో గుండెపోటు లేక పక్షవాతం వచ్చినవారికి ఇది తగదు.

గుండెకు ప్రమాదమా అని చాలామంది అడుగుతారు. 2023లో ప్రచురించిన ట్రావర్స్ పరిశోధనలో, గుండెజబ్బు గాని దాని ముప్పు గాని ఉండి, హార్మోను తక్కువగా ఉన్న 5,200 మందికి పైగా పురుషులను గమనించారు. గుండెపోటు, పక్షవాతం మందు వాడినవారిలో ఎక్కువ కాలేదు. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు మాత్రం కొంత ఎక్కువగా కనిపించాయి.

చికిత్స మొదలుపెట్టినవారు మూడు నుండి ఆరు నెలలలోపు, ఆపైన ఏటేటా రక్తపరీక్షకు రావాలి. రక్తం చిక్కదనం (హెమటోక్రిట్) 54 శాతం దాటితే మందు ఆపవలసి ఉంటుంది. నలభై దాటినవారికి ప్రోస్టేటు పరీక్ష కూడా అవసరం. జెల్ పూసుకునేవారు చేతులు కడుక్కొని, పూసిన చోటును బట్టతో కప్పుకోవాలి. లేకపోతే అది భార్యాపిల్లలకు అంటుకుంటుంది.

ఆ సోదరుడు మందు మానేశాడు. నెలలు గడిచాక, పదకొండవ నెలలో రిపోర్టులో కణాలు కనబడ్డాయి. ఆ కాగితం తీసుకొని తిన్నగా తల్లి దగ్గరకు వెళ్ళి, "లోపం నాదేనమ్మా, ఆమెది కాదు" అని చెప్పాడట. ఆ మాట చెప్పడానికి అతనికి చాలా ధైర్యం కావలసి వచ్చి ఉంటుంది.

ఇప్పుడు మా ఇంజెక్షను గదిలో ఈ మందు ఎవరు తెచ్చినా, సూది తీయకముందే "బాబూ, పిల్లలు కావాలా?" అని అడుగుతున్నాము. సిగ్గుపడకండి. మీరు చెప్పినది మా దగ్గరే ఉంటుంది. వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.