కుంగుబాటులో దైనందిన సంతోషం, సార్థకతా భావం

కుంగుబాటు లేదా డిప్రెషన్ మనస్థితికి సంబంధించిన ఒక రుగ్మత. ఎడతెగని విచారంతో పాటు, రోజువారీ జీవితంలోని చిన్న చిన్న సంతోషాలు, బ్రతుకుకు అర్థముందనే సార్థకతా భావం సన్నగిల్లడం ఇందులో తరచుగా కనిపిస్తుంది. అయితే ఇవి చాలామందిలో పూర్తిగా నశించవు. ఏది తగ్గింది, ఏది మిగిలి ఉంది అని గుర్తించడం చికిత్సకు ఎంతో ఉపయోగకరం. ఈ విషయాన్ని కొండపల్లి బొమ్మల తయారీ ఉదాహరణతో ఈ వ్యాసం వివరిస్తుంది.

రకాలు

కుంగుబాటు దశలు మాత్రమే వచ్చే రుగ్మతను ఏకధ్రువ కుంగుబాటు అంటారు. కుంగుబాటుతో పాటు ఎప్పుడైనా ఉన్మాద దశ, లేదా అంతకంటే తక్కువ తీవ్రత గల అతి ఉత్సాహ దశ కూడా వస్తే దానిని ద్విధ్రువ రుగ్మత అంటారు. ఈ విభజనను 1957లో జర్మనీకి చెందిన కార్ల్ లియోన్‌హార్డ్ ప్రతిపాదించాడు. 1966లో జూల్స్ ఆంగ్స్ట్, కార్లో పెర్రిస్ వేర్వేరుగా ప్రచురించిన పరిశోధనలు దానిని బలపరచాయి. కుంగుబాటు దశలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుచేత వైద్యులు రోగి గత చరిత్రను కుటుంబ సభ్యులను కూడా అడిగి తెలుసుకుంటారు.

సంతోషం ఎక్కడ తగ్గుతుంది?

సంతోషాన్ని అనుభవించలేని స్థితికి 1896లో ఫ్రెంచి మనోవిజ్ఞాని రిబో అన్హెడోనియా అని పేరు పెట్టాడు. నేడు ఇందులో రెండు అంశాలను వేరు చేసి చూస్తున్నారు. మొదటిది, రాబోయే సంతోషాన్ని ఊహించి దానివైపు కదలడం. రెండవది, అది ఎదురైనప్పుడు అనుభవించడం. చాలామంది రోగులలో మొదటిది ఎక్కువగా దెబ్బతింటుంది. రోజులో పలుమార్లు మనస్థితిని నమోదు చేయించే పద్ధతిలో 2003లో పీటర్స్ బృందం, 2011లో బిల్స్మా బృందం చేసిన అధ్యయనాలలో, మంచి సంఘటన జరిగినప్పుడు కుంగుబాటు ఉన్నవారి మనసు కూడా కొంత తేలికపడుతున్నట్లు తేలింది.

కొండపల్లి ఉదాహరణ

విజయవాడకు సమీపంలోని కొండపల్లి, 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఇక్కడి కళాకారులు తేలికైన తెల్లపొణికి చెక్కను ఆరబెట్టి, భాగాలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి ఇక్కడి ప్రసిద్ధమైన బొమ్మలు.

కుంగుబాటుతో బాధపడుతున్న ఒక కళాకారుడిని ఊహించుకుందాం. ఉదయం ఉలి చేతపట్టడానికే అతనికి మనసు రాదు. "చేసి ఏం లాభం?" అనిపిస్తుంది. సాయంత్రం మనుమరాలు అంబారీ ఏనుగును చూసి కేరింతలు కొడితే అతనూ నవ్వుతాడు. మరునాడు మళ్ళీ లేవలేకపోతాడు. "నిన్న బాగానే నవ్వావు కదా, ఇదంతా సోమరితనం" అని ఇంట్లోవారు అంటే అది పొరపాటు. ఆ నవ్వు నిజమే, జబ్బూ నిజమే. నవ్వగలగడం జబ్బు లేదనడానికి రుజువు కాదు.

సార్థకతా భావం

సంతోషం, సార్థకత ఒకటి కావు. పై ఉదాహరణలోని కళాకారుడికి రంగులు వేయడంలో ఏ ఆనందమూ కలగకపోవచ్చు. అయినా, ఒక అవతారం తక్కువైతే ఎవరింటిలోనో బొమ్మల కొలువు వెలితిగా ఉంటుందని అతనికి తెలుసు. ఆ ఎరుకతో అతను ఒక బొమ్మ పూర్తి చేయవచ్చు. సంతోషం లేనిచోట కూడా అర్థం నిలబడగలదని ఆస్ట్రియా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ 1946లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. అయితే తీవ్రమైన కుంగుబాటులో ఈ భావం కూడా మసకబారుతుంది. "నేను ఇంటికి భారం" అన్న ఆలోచన అందుకు గుర్తు. దానిని తేలికగా తీసుకోరాదు.

ద్విధ్రువ రుగ్మతలో తేడా

ద్విధ్రువ రుగ్మతలో సంతోషం తగ్గడమే కాక, హద్దు మీరడం కూడా సమస్యే. ఒక లక్ష్యాన్ని సాధించిన తరువాత కొందరిలో ఉన్మాద లక్షణాలు పెరుగుతున్నట్లు 2000లో షెరీ జాన్సన్ బృందం గమనించింది. పండుగ బేరాల కోసం రాత్రిళ్ళు మేలుకొని పనిచేయడం, నిద్ర లేకున్నా అలసట తెలియకపోవడం, ఆలోచన లేకుండా పెద్ద అప్పులు చేయడం వంటివి ఇటువంటివారిలో హెచ్చరికలుగా భావించాలి. కుంగుబాటు మందులను మాత్రమే ఇస్తే కొందరిలో ఉన్మాద దశ మొదలుకావచ్చు. అందువలన మనస్థితిని నిలకడగా ఉంచే లిథియం వంటి మందులను వాడతారు. ఉన్మాద చికిత్సలో లిథియం ప్రయోజనాన్ని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ వెల్లడించాడు.

చికిత్సలో ఉపయోగం

ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని ఎదురుచూడకుండా, చిన్న పనితో ఉత్సాహాన్ని రాబట్టడం ప్రవర్తనా క్రియాశీలత అనే చికిత్స సారాంశం. బొమ్మ మొత్తం కాదు, ఈ రోజు ఒక్క చక్రం చెక్కితే చాలు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు 6 నుంచి 8 విడతలలో ఇచ్చిన ఇటువంటి చికిత్స ఫలితమిచ్చినట్లు విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రచురించింది. ద్విధ్రువ రుగ్మతలో మందులతో పాటు నిద్ర, భోజనం, పని వేళలను క్రమంగా పాటించడం ముఖ్యం. చిన్న పనులు వైద్యానికి తోడు మాత్రమే, తీవ్రమైన జబ్బులో వైద్యానికి బదులు కావు.

సహాయం

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోన్ చేసి ఉచితంగా పొందవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.