తేరు కదిలించే తొలి పది సెకన్లు

"కురుగోడు తేరు మీద రాయండి. దేవుడి గురించి కాదు, మోకు పట్టిన చేతుల గురించి" అన్నారు ఎడిటర్. గడువు గురువారం సాయంత్రం. నరాలు, ఎముకలు, కండరాలు మూడూ రావాలట. వస్తాయి గానీ సమానంగా రావు. నా మనసు 1927 నాటి ఒక చిన్న పరిశోధన పత్రం దగ్గరే ఆగిపోయింది.

బళ్లారి జిల్లా కురుగోడులో ఏకశిలా నందిగా కొలువైన దొడ్డ బసవేశ్వరుడి తేరు లాగేటప్పుడు అసలు కష్టమంతా మొదటి ఊపుదే. కదులుతున్న తేరుని నడపడం వేరు, నిలిచిపోయిన తేరుని కదిలించడం వేరు. కేక చెవిన పడగానే మెదడు పైపొర నుంచి ఆజ్ఞ వెన్నుపాములోకి దిగుతుంది. అక్కడినుంచి నరం దాన్ని సెకనుకు యాభై అరవై మీటర్ల వేగంతో చేతికి చేరుస్తుంది. నరం చివర ఎసిటైల్‌కోలిన్ ఊరుతుంది, కండరం లోపల కాల్షియం విడుదలవుతుంది, మయోసిన్ తలలు ఆక్టిన్ పోగుల్ని పట్టి లాగుతాయి. కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం రాదు. వెనక నుంచి తేరుని నెట్టేవాడి ఒంట్లో కూడా కండరాలు లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడుని నెట్టుడుగా మార్చేది ఎముకలూ కీళ్లూ.

మయోసిన్ తలలకు కావలసిన ఇంధనం ఏటీపీ. కండరంలో నిలవ ఉన్నది రెండు మూడు సెకన్లకే సరి. మరి తేరు కదిలేదాకా బలం ఎక్కడిది?

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపితే నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. అయితే తాజా కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం వెంటనే తేలలేదు. మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకెవరైనా మందుని తిట్టుకుని మరో సీసా తెచ్చేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. భాస్వరం ఏదో పెళుసు పదార్థంలో బందీగా ఉండి, అది ఆమ్లంలో విరిగేకొద్దీ బయటికి వస్తోందన్నమాట. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని ఉద్దీపిస్తే అది తరుగుతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుతుంది. 1927 ఏప్రిల్‌లో ఈ సంగతి 'సైన్స్' పత్రికలో వచ్చింది. అదే ఏడు లండన్‌లో ఎగ్‌ల్టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థాన్నే పట్టుకుని ఫాస్ఫాజెన్ అన్నారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చింది మాత్రం ఫిస్క్, సుబ్బారావులు. కండరాన్ని ముడిచేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పటికి పెద్దల నమ్మకం. 1930లో లుండ్స్‌గార్డ్ ఆ ఆమ్లం పుట్టకుండా చేసి కూడా కండరాన్ని ముడిపించాడు, దాంతో ఆ నమ్మకం కూలింది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు, 1922లో బోస్టన్ చేరారు, 1940లో లెడర్లీ మందుల సంస్థకి మారారు, 1948లో కన్నుమూశారు. ఏటీపీని కనుగొన్నవారిలోనూ ఆయన పేరుంది గానీ, 1929లోనే జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. తెలుగు సభల్లో ఆ రెండోపేరు వినబడదు. నాకైతే ఆ ఆలస్యపు నీలమే ఎక్కువ ఇష్టం.

మొదటి ఊపులో వాడుకున్న ఏటీపీని వెంటవెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటినే. గట్టి లాగుడులో అది సుమారు పది సెకన్లు ఆదుకుంటుంది. ఆ పైన గ్లైకోజెన్, ఊపిరితో వచ్చే ఆక్సిజన్ అందుకోవాలి. తేరు ఆగి జనం రొప్పుతున్న ఆ కాసిన్ని నిమిషాల్లో నిలవ చాలావరకు మళ్లీ నిండుతుంది. వాళ్లు దాన్ని దేవుడిచ్చిన సత్తువ అంటే నేను వాదించను, నమ్మను కూడా.

మిగిలినవి

పిడికిలి బిగించే ముఖ్య కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. స్నాయువుల ద్వారానే వేళ్లను ముడుస్తాయి. మోకు పట్టినవారికి ముంజేయి పట్టేసేది అందుకే.

ముంజేయి ఎముకని జబ్బ కండ మోచేతికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పట్టుకుంటుంది. అరచేతిలో పది కిలోలు నిలపాలంటే ఆ కండ డెబ్బై కిలోలకు పైగా లాగాలి.

తెల్లారి నొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణం కాదు. అది గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. అలవాటులేని శ్రమకు కండరపు పోగులు సూక్ష్మంగా చిట్లడమే ఆ నొప్పికి మూలం. మరునాటికో మూడో రోజుకో అది ముదురుతుంది.