గుమాస్తా యసూయ



ధనమునకు దొంగల వలన భయమున్నదని యెల్లరు నెఱుగుదురు. ఆ యింటి యన్నమే తిను వాని యసూయ వలన నంతకంటె నెక్కువ భయమున్నదని తెలిసినవారు కొందఱే. పెద్దకొడప్‌గల్ వంటి యూళ్లలో సాహుకార్లు వ్యాపారము సాగించిన దినములలో గద్దె యజమానునిది, చిట్టాయు ఖాతాయు గుమాస్తావి. యజమానుని గుట్టు యజమానునికంటె వానికే యెక్కువగా తెలియును. అట్టి వాని మనస్సున అసూయ పుట్టెనేని యా గృహము గతి యేమి?

మన హైదరాబాదున 1814లో స్థాపింపబడిన విలియం పామరు కోఠీ నిజాము సర్కారునకు పెద్ద వడ్డీలకు అప్పులిచ్చి, రెసిడెంటగు మెట్కాఫు విరోధమునకు గుఱియై, 1824 నాటికి కూలిపోయెను. అచ్చట శత్రువు ఎదుట నిలిచి పోరాడినవాడు. ఎదుటివానిని చూచి జాగ్రత్తపడవచ్చును; ప్రక్కన గూర్చుండి పద్దు వ్రాయువానిని చూచి యెవరు జాగ్రత్తపడుదురు?

ఇట్టి వాని కథను ఆంగ్ల నవలాకారుడగు చార్లెస్ డికెన్సు 1849-50లో 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నందు చెప్పెను. యురయా హీపు కాంటర్బరీ పట్టణమున విక్‌ఫీల్డు అను న్యాయవాది యొద్ద గుమాస్తా. నోట వినయము, కడుపున విషము. పత్నీవియోగదుఃఖముచే యజమానుడు మద్యమునకు లోబడుట వాడు కనిపెట్టెను. మైకముననున్న వేళ పత్రములపై చేవ్రాలు చేయించెను. దొంగ చేవ్రాళ్లును సృష్టించెను. లెక్కలు తారుమారు చేసి, సొమ్ము పోవుటకు కారణము యజమానుడే యని యాయననే నమ్మించెను. తుదకు భాగస్వామియై, ఆయన కూతురగు ఆగ్నెసును పెండ్లాడ గోరెను. ఆమె చిన్ననాటి స్నేహితుడగు డేవిడ్ వానికి కంటిలోని నలుసు.

మాకు మిక్కిలి విచారము గొల్పినది మఱియొకటి. డేవిడును పెంచిన బెట్సీ యను వృద్ధురాలు తన యైదువేల పౌనులు పోయెనని యెఱిగియు, తప్పు విక్‌ఫీల్డుదే యని తలచి, ఆయన మర్యాదకై నోరు మెదపలేదు. ఆగ్నెసు తండ్రి క్షేమమునకై సర్వము దిగమ్రింగెను. మంచివారి మౌనమే వానికి కోట యయ్యెను. వాని కొలువుననే యున్న మికాబరు లెక్కలు శోధించి గుట్టు బయల్పఱచిన తరువాతనే బెట్సీ ధనము తిరిగి లభించెను.

శూద్రకుని మృచ్ఛకటికమున శకారుడును అసూయాపరుడే. రాజు బావమఱిది. వసంతసేన తన్ను నిరాకరించి చారుదత్తుని వలచుట సహింపక, ఆమె గొంతు నులిమి, చనిపోయెనని తలచి, నగలకై చారుదత్తుడే చంపెనని న్యాయసభలో నేరము మోపెను. పసిబాలుని మట్టిబండి బంగారు బండి కావలెనని వసంతసేన ప్రేమతో నిచ్చిన నగలే చారుదత్తునిపై సాక్ష్యమయ్యెను. నిజమెఱిగిన సేవకుడు స్థావరకుడు మేడపైనుండి దుమికి వచ్చి చెప్పినను, దొంగయని వాని మాట త్రోసివేసిరి. వసంతసేన బ్రతికి వధ్యస్థానమునకు రాకున్నచో నిరపరాధి తల తెగియుండెడిది.

ఈ రెండు కథలను కలిపి చూచిన నొకటి తేటపడును. అసూయ పుట్టుటను మనము ఆపజాలము. దానికి చేతికందు ఆయుధమును మాత్రము ఆపగలము. చదువని పత్రముపై చేవ్రాలు, ఒక్కనికే తెలిసిన లెక్క, మర్యాదకై మ్రింగిన మాట: ఇవియే యా యాయుధములు.

నేడు మన పల్లెలలో స్త్రీల పొదుపు సంఘములు గలవు. పెక్కు గృహిణుల పేర బ్యాంకు ఖాతాలు గలవు. కావున ఖాళీ చెక్కుపైగాని, వ్రాయని ప్రామిసరీ నోటుపైగాని యెవరెంత నమ్మకస్థులైనను చేవ్రాలు చేయకుడు. సంఘము పుస్తకమును ప్రతినెల ఇద్దఱైనను విప్పి, బ్యాంకు పుస్తకముతో సరిచూడుడు. తేడా కనబడినచో అందఱి యెదుట అడుగుడు. అడుగుట అవమానించుట కాదు; నిజాయితీపరునికి అదియే రక్ష.

అట్లని గుమాస్తాల నెల్ల అనుమానింపవలదు. హీపు కపటమును బయటపెట్టిన మికాబరును, ప్రాణములకు తెగించి నిజము పలికిన స్థావరకుడును కొలువు చేసి బ్రతికినవారే. అట్టివారి మాట చెవినబెట్టని యింటను, సభలోను అసూయదే గెలుపగును.