మీకు తెలుసా? సూరత్‌లో గడప దాకా వచ్చే వైద్యం

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ వదిలి సొంతూళ్లకు పరుగులు తీశారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారులను పొద్దున్నే వీధుల్లోకి దింపారు. చెత్త ఎత్తించడంతో పాటు జ్వరాల మీద నిఘా కూడా నగరపాలక సంస్థకు రోజువారీ పనైంది.

ఆ నిఘాలో అసలు కష్టం ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలదే. "ఇంట్లో ఎవరికైనా జ్వరమా?" అని అడుగుతారు. ఉంటే వేలి కొసన సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి, మలేరియా పరీక్షకు పంపుతారు.

ఇలా ఇళ్లకు వెళ్లి చేసే సేవల్లో నర్సింగ్‌కు ఆధునిక రూపం వచ్చింది 1859లో, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో. చివరి రోజుల్లో తన భార్యకు సేవ చేసిన నర్సు మేరీ రాబిన్సన్‌ను వ్యాపారి విలియం రాత్‌బోన్ పేదల ఇళ్లకు పంపారు. ఆ దుస్థితి చూడలేక ఆమె మానేస్తానంది. ఆయన నచ్చజెప్పి ఆపారు.

నేడు మన దేశంలో ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను చూసేందుకు ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. బరువు, ఒంటి వేడి చూడాలి. ఇంత చేసినా చాలాచోట్ల ఆమెకు దక్కేది ప్రోత్సాహకాలే తప్ప ఉద్యోగి జీతం కాదు. ఇది న్యాయం కాదు.